డ్రాయరులో ప్లేటు నుంచి మౌలాలి దాకా

బొగ్గు, పెట్రోలు అయిపోతే ఏమిటన్న ప్రశ్న మనం బడిలో ఉన్నప్పుడే విన్నాం. దానికి దొరికిన జవాబుల్లో ఒకటి మన మంఖాల్‌కు మరీ దూరమేం కాదు. నగరానికి అవతలి కొసన, మౌలాలి వైపు, 1971లో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతోంది. చిత్రమేమిటంటే, ఇంధనం కోసం వెదికినవాళ్లెవరికీ ఇది మొదట దొరకలేదు.

1896 ఫిబ్రవరి చివర్లో పారిస్‌లో మబ్బు పట్టింది. యురేనియం లవణాన్ని ఎండలో పెడితే ఎక్స్‌ కిరణాల వంటివి వస్తాయా అని పరీక్షిస్తున్న హెన్రీ బెకరెల్, ఎండ లేక, నల్లకాగితం చుట్టిన ఫోటో ప్లేటును లవణంతో సహా డ్రాయరులో పెట్టేశాడు. మార్చి 1న డెవలప్ చేసి చూస్తే ముద్ర గట్టిగా పడి ఉంది. కిరణాలు ఎండవల్ల కాదు, యురేనియంలోంచే వస్తున్నాయి!

1934లో రోమ్‌లో ఎన్రికో ఫెర్మీ యురేనియంపై న్యూట్రాన్లు కొట్టాడు. కేంద్రకం చీలుతున్నా, కొత్త మూలకాలు పుట్టాయనుకున్నాడు. చీలి ఉండవచ్చని ఇడా నోడాక్ అదే ఏడాది రాసినా ఎవరూ పట్టించుకోలేదు. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ రేడియం ఉంటుందనుకున్నచోట బేరియం కనిపించింది. వాళ్లు దాన్ని పారెయ్యలేదు, మళ్లీ మళ్లీ పరీక్షించారు. నాజీల నుంచి తప్పించుకుని స్వీడన్ చేరిన లీజ్ మైట్నర్, ఆమె అక్క కొడుకు ఫ్రిష్ దానికి అర్థం చెప్పారు: కేంద్రకం రెండుగా చీలింది. అదే అదృష్టం ఫెర్మీ తలుపూ తట్టింది. తలుపు తీసింది మాత్రం వీళ్లు.

ఒక కిలో యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే 2,500 టన్నులకు పైగా మంచి బొగ్గుతో సమానం. అయితే సహజ యురేనియంలో అది 0.7 శాతమే. భారజల రియాక్టర్లకు సహజ యురేనియమే చాలు. మన నగరంలో యురేనియం డయాక్సైడును బిళ్లలుగా చేసి, న్యూట్రాన్లను పెద్దగా మింగని జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో నింపి, కట్టలు కడతారు. ఒక 220 మెగావాట్ల రియాక్టరులో 306 నాళాలు, ఒక్కొక్క దానిలో 12 కట్టలు. ఇంజనీరుగా నాకు ముచ్చట గొలిపేది ఇదే: పుట్టుక యాదృచ్ఛికం, తయారీలో మాత్రం యాదృచ్ఛికానికి చోటే లేదు.

ఖర్చు మాటా చెప్పాలి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. నీళ్లు పాడవుతున్నాయని చుట్టుపక్కల రైతులు గోడు వెళ్లబోసుకున్నారు. నల్లమలలో తవ్వొద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించింది. పొగ లేని కరెంటు కావాలి, అడవీ కావాలి. ఈ లెక్క ఇంకా తేలలేదు.

తేల్చాల్సింది ఇప్పుడు మన బడిలో కూర్చున్న పిల్లలే. గురువులకు ఒక విన్నపం. ప్రాక్టికల్‌లో పుస్తకంతో సరిపోని రీడింగు వస్తే చెరపనివ్వకండి. ఎందుకొచ్చిందో ఇంకోసారి చూడమనండి.