చుక్కలు, గీత: ఫోన్ లొకేషన్ – వ్యక్తిగత గోప్యత

2024 జూలై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు ఒక బెయిల్ షరతును కొట్టేసింది. నిందితుడు గూగుల్ మ్యాప్‌లో పిన్ పెట్టి, తానెక్కడున్నదీ దర్యాప్తు అధికారికి తెలిసేలా చూడాలన్నది ఢిల్లీ హైకోర్టు పెట్టిన ఆ షరతు. పిన్ ఎలా పనిచేస్తుందో సుప్రీంకోర్టు గూగుల్‌నే అడిగి తెలుసుకుంది. పిన్ పెట్టినంత మాత్రాన మనిషి కదలికలు ఎప్పటికప్పుడు తెలియవని కంపెనీ అఫిడవిట్ ఇచ్చింది. షరతు వల్ల ప్రయోజనం లేదని తేలినా జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ అక్కడితో ఆగలేదు. నిందితుడి ప్రతి కదలికనూ పోలీసులు నిరంతరం గమనించే వీలిచ్చే షరతు ఏదైనా రాజ్యాంగం 21వ అధికరణం కింద గోప్యత హక్కుకు భంగమేనన్నారు.

ఒక చోటు తెలియడం వేరు, మనిషి నడక మొత్తం తెలియడం వేరు. మన చట్టం ఈ తేడాను ఇంకా పట్టించుకోవడం లేదన్నదే ఈ వ్యాసం వాదన.

ముగ్గులో చుక్కలు పెట్టినంతసేపూ అది ఏ ముగ్గో తెలియదు. గీత కలిపాకే తెలుస్తుంది. లొకేషన్ సంగతీ అంతే. ఈవ్-అలెగ్జాండర్ ద మోంజోయ్ పరిశోధక బృందం 15 లక్షల మంది ఫోన్ల 15 నెలల జాడలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. పేర్లు తీసేసిన డేటా అది. గంటకొకసారి, టవర్ పరిధి మేరకే నమోదైంది. అయినా నాలుగు చుక్కలుంటే చాలు, నూటికి 95 మంది జాడ మిగతా అందరి నుంచీ విడిగా తేలిపోయింది. పేరు తీసేశాం కాబట్టి ప్రమాదం లేదనే కంపెనీల మాట ఇక్కడ నిలవదు.

ఈ వ్యాసం కోసం నా ఫోన్‌లోనే టైమ్‌లైన్ (తిరిగిన చోట్ల చిట్టా) తెరిచి చూశాను. వరసగా మూడు మంగళవారాలు, సాయంత్రం ఆరు దాటాక, ఒకే సందులో నలభై నిమిషాలు ఆగినట్టుంది. ఆ సందులో ఉన్నది ఫిజియోథెరపీ క్లినిక్. మోకాలి నొప్పి సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదు. ఏ ఒక్క మంగళవారం చూసినా అది దారిలో ఆగడమే. మూడూ కలిస్తే వైద్యం.

ఉపగ్రహాలు మనల్ని చూస్తున్నాయన్న అపోహ చాలామందిలో ఉంది. అవి సంకేతాలు పంపుతాయంతే. వాటిని అందుకుని ఫోన్ తానెక్కడుందో తానే లెక్కగట్టుకుంటుంది. సమాచారం బయటికి పోయేది ఆ తర్వాత, యాప్‌ల ద్వారా. టవర్ సంగతి వేరు. కాల్ రావాలంటే ఫోన్ ఎటువైపుందో నెట్‌వర్క్‌కు తెలియాల్సిందే. సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసినా ఆ లెక్క ఆగదు.

యాప్ అనుమతి అడిగేటప్పుడు ఈసారికేనా, వాడుతున్నంతసేపా అని అడుగుతుంది. సేకరించింది ఎన్నాళ్లు దాస్తుందో, దేనితో కలుపుతుందో ఆ తెర మీద ఉండదు. అంటే మనం ఒప్పుకునేది చుక్కకు, ఇచ్చేది గీత. చట్టమూ ఈ లోటు తీర్చలేదు. 2011 నాటి ఐటీ నియమాల్లో సున్నిత సమాచారం జాబితాలో పాస్‌వర్డులు, ఆరోగ్య వివరాలు, బయోమెట్రిక్స్ ఉన్నాయి, లొకేషన్ లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సున్నిత సమాచారమనే విభజననే వదిలేసింది. పైగా ప్రభుత్వ సంస్థలను నోటిఫికేషన్‌తో మినహాయించే అధికారాన్ని కేంద్రానికిచ్చింది.

గీత పొడవును కొలిచిన తీర్పు అమెరికాలో వచ్చింది. 2018 నాటి కార్పెంటర్ కేసులో పోలీసులు 127 రోజులకు 12,898 టవర్ జాడలు తీసుకున్నారు. ఏడు రోజుల జాడలు తీసుకున్నా అది సోదాయేనని, మామూలుగా దానికి వారెంటు ఉండాలని అక్కడి సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తేల్చింది. మన దగ్గర 2021 డిసెంబరులో టెలికాం లైసెన్సు షరతులు మారాక, కంపెనీలు టవర్ జాడలుండే కాల్ రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలి. వాటిని రప్పించుకోవడానికి న్యాయమూర్తి వారెంటు తప్పనిసరి కాదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద పోలీసు అధికారి రాతపూర్వక ఉత్తర్వు చాలు.