మర పోయిన బ్లాకు: సత్తెనపల్లి మెట్ట ప్రాంతంలో ఇంజను మరమ్మతు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం
ఇంజను బ్లాకులో పాడైన బోల్టు మరను తిరిగి నిలబెట్టే పని గ్రామీణ యంత్రచరిత్రలో చిన్న విషయంగా కనిపిస్తుంది. అంగుళం నుంచి మిల్లీమీటరుకు మారిన సంధికాలం ఆ పనిలో ఎలా నిలిచిపోయిందో సత్తెనపల్లి పరిసరాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మర, బ్లాకు, బుష్, ట్యాపు, ఆయిల్ ఇంజను.

మర: మాట, వస్తువు
తెలుగులో 'మర' రెండర్థాల మాట. పిండిమర, గాలిమర అన్నప్పుడు అది యంత్రం. మరమేకు, మరచెంబు అన్నప్పుడు మెలితిరిగిన గాడి. మరచెంబు మూతను తిప్పి బిగించిన చేతికి బోల్టు పూర్తిగా కొత్త వస్తువు కాదు. దాని మీద పడే బలం మాత్రమే కొత్తది. మరమ్మతు అరబ్బీ మూలం గల పదం. 'మర'తో దానికి చుట్టరికం లేదు. అయినా మరను బాగుచేయడమే మరమ్మతని వినేవారికి తోస్తే వింతేమీ లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం సేద్యపు పనిముట్ల పేర్లకు శాస్త్రీయమైన ఆదరణ కల్పించింది. లేత్ షెడ్లలోని మాటలకూ అటువంటి సేకరణ అవసరం.

రెండు కొలతల కాలం
2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడే వరకు సత్తెనపల్లి గుంటూరు జిల్లాలో ఉండేది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కుడి కాలువకు నీరు వదిలారు. అంతకుముందు మెట్ట రైతుకు బావీ మోటా ఆధారం. మోట స్థానంలోకి ఆయిల్ ఇంజను వచ్చింది. కాలువ వచ్చాక కూడా నీరెక్కని మెరకకు వాగుల నుంచి తోడుకోవడానికి అది అక్కరకు వచ్చింది.

ఆనాటి ఇంజన్లలో బ్రిటిష్ నమూనాలు ఎక్కువ. వాటి మరలు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన ప్రమాణానివి. భారతదేశం 1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టంతో మెట్రిక్ పద్ధతికి మారింది. చట్టం మారినంత మాత్రాన బ్లాకులోని రంధ్రం మారదు. అర అంగుళం విట్‌వర్త్ బోల్టు వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, అంగుళానికి 12 మరలు, మర కోణం 55 డిగ్రీలు. 12 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టుకు మరకూ మరకూ మధ్య దూరం 1.75 మిల్లీమీటర్లు, కోణం 60 డిగ్రీలు. చూపుకు రెండూ ఒకటే. విట్‌వర్త్ రంధ్రంలో మెట్రిక్ బోల్టు ఒకటి రెండు చుట్లు తేలికగా దిగి, తరువాత పట్టేస్తుంది. స్పానరుకు పైపు తొడిగి బలవంతం చేస్తే ఉక్కు బోల్టుకు ఏమీ కాదు. పెళుసైన పోత ఇనుములోని మర పొడిపొడిగా రాలిపోతుంది. హెడ్డు సరిగా బిగియదు, గాస్కెట్ నిలవదు, నీరు సిలిండరులోకి దిగుతుంది. అందుకే అనుభవం గల ఫిట్టరు ముందుగా చేతపట్టేది డ్రిల్లును కాదు, మరగేజిని.

బుష్ వేయడం
రంధ్రాన్ని పెద్దది చేసి లావు బోల్టు వేయడం తేలికైన దారి. అయితే హెడ్డులోని రంధ్రాన్నీ పెంచాలి, చుట్టూ ఉన్న గోడ పలచబడుతుంది. బుష్ పద్ధతిలో రంధ్రాన్ని పెంచి, ట్యాపుతో కొత్త మర కోసి, లోపలా బయటా మర గల ఉక్కు గొట్టాన్ని దిగేస్తారు. లోపలి మర పాత కొలతదే కనుక పాత బోల్టు మళ్ళీ పనికొస్తుంది. బుష్ అంచు బ్లాకు పైతలం కన్నా వెంట్రుకవాసి కిందనే ఉండాలి. పైకి లేస్తే హెడ్డు కూర్చోదు. డ్రిల్లు ఒక్క పిసరు లోతుకు పోయినా నీటి గది చిల్లుపడుతుంది. అడుగు మూసుకుపోయిన రంధ్రంలో నూనె మిగిలితే, బోల్టు బిగించినప్పుడు ఆ నూనె ఒత్తిడికే బ్లాకు పగలవచ్చు.

వజ్రాకారపు కోత గల తీగను స్ప్రింగులా చుట్టి రంధ్రంలో దించే హెలికాయిల్ పద్ధతి 1930లలో రూపొందింది. రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల అల్యూమినియం భాగాలలో అది బాగా వాడుకలోకి వచ్చింది. దానికి ప్రత్యేకమైన ట్యాపు, కొన్న తీగచుట్టలు కావాలి. బుష్‌కు ఒక ఉక్కు ముక్క, ఒక లేత్, నిదానమైన చేయి చాలు. పేద పరిష్కారంగా దీనిని చూడడం సరికాదు. పోత ఇనుప బ్లాకులో గట్టి బుష్ అసలు మర కన్నా బలంగా నిలుస్తుంది.

పత్తి చేలలో స్ప్రేయరు
1980ల మధ్యకు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిపై తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా పంట దక్కలేదు. 1987-88లో అప్పులపాలైన రైతుల ఆత్మహత్యలు చరిత్రకెక్కాయి. ఆ విషాదానికి మూలం యంత్రంలో లేదు. కానీ వీపున మోసే పవర్ స్ప్రేయరు ఆగిన రోజు రైతుకు మరింత బరువైన రోజు. దాని చిన్న ఇంజను హెడ్డు అల్యూమినియం. పదేపదే విప్పి బిగించే ప్లగ్గు మరే ముందుగా పోతుంది. సాధారణంగా అది 14 మిల్లీమీటర్ల మెట్రిక్ మర, కనుక కొలతలో తికమక లేదు. చిక్కంతా లోహం మెత్తదనంలోనే. హెడ్డు విప్పే వ్యవధి లేనప్పుడు ట్యాపు గాళ్ళలో గ్రీజు నింపి మర కోసేవారు, రజను గ్రీజుకు అంటుకుని సిలిండరులో పడకుండా. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు.