చెన్నపురి శాసనసభయు తెలుగు జమీందారులును

రాజును సింహాసనము నుండి దింపి, ప్రజాప్రతినిధుల సభ అధికారమును చేపట్టిన కథ యనగానే మనకు ఇంగ్లండు జ్ఞప్తికి వచ్చును. 1649లో మొదటి చార్లెస్ రాజు శిరచ్ఛేదము, 1688లో రెండవ జేమ్స్ రాజు పలాయనము, మరుసటి యేట పార్లమెంటు ఆమోదించిన హక్కుల శాసనము మనము పాఠశాలలోనే కంఠస్థము చేసిన విషయములు. అటువంటి కథ యొకటి మన చెన్నపురిలోనే, చాలవరకు తెలుగువారి నడుమనే నడచినది. అది ఒక్కనాటి తిరుగుబాటు కాదు. 1920 మొదలు 1949 వరకు ముప్పది సంవత్సరములు సాగిన మార్పు. దానిలో శిరస్సులు తెగలేదు. రాజులు ప్రాణభయముతో దేశము విడిచి పోలేదు. ఇంకొక విశేషము కూడ కలదు. ఏ సభ తమ ప్రభుత్వమును తొలగించినదో, ఆ సభను పెంచి పోషించిన తొలి పెద్దలలో ఆ రాజులే ముఖ్యులు.

ఇచ్చట రాజు లనగా ఎవరో ముందుగా తెలిసికొనవలెను. ఉత్తర సర్కారులందలి విజయనగరము, బొబ్బిలి, పిఠాపురము మొదలైన సంస్థానములును, దక్షిణమున వెంకటగిరి, కాళహస్తి పాళెములును ఒకప్పుడు సైన్యములు కలిగి, కోటలు కట్టి, యుద్ధములు చేసినవి. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగులకు బొబ్బిలి కోట కూలుట జంగము కథల ద్వారా తెలుగుదేశమంతట ఎరిగినదే. 1794 జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద విజయనగర ప్రభువు విజయరామరాజు ఇంగ్లీషు కుంపినీ సేనతో పోరాడి మరణించెను. అటుపిమ్మట కత్తికి పని లేకపోయినది. 1802లో వెలువడిన శాశ్వత పరిష్కారపు రెగ్యులేషను ఈ రాజులను జమీందారులుగా మార్చినది. వారు ఏటేట స్థిరమైన పేష్కషును కుంపినీకి చెల్లింపవలెను. అందులకు ప్రతిఫలముగా భూమిపై యాజమాన్య హక్కు వారిదే యని సన్నదు లభించెను.

ఆ రెగ్యులేషను వెలువడినప్పుడు చెన్నపురి గవర్నరు ఎడ్వర్డు క్లైవు. శ్రీరంగపట్టణమున టిప్పు సుల్తాను పతనమైన పిదప, ఆ విజయమునకు జ్ఞాపకార్థముగా ఆయన మౌంటు రోడ్డు సమీపమున గొప్ప విందుశాల నొకదానిని కట్టించెను. అదియును 1802లోనే పూర్తి యైనది. 1948 నుండి మనము దానిని రాజాజీ హాలు అని పిలుచుచున్నాము. ఆ విందుశాలను పాఠకులు జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఈ కథలో అది మరల వచ్చును.

సన్నదు పొందిన రాజు కుంపినీ దృష్టిలో పన్ను చెల్లించు భూస్వామి మాత్రమే. పల్లెటూరి రైతునకు మాత్రము ఆయన మునుపటివలెనే ప్రభువు. శిస్తు దివాణమునకే చెల్లవలెను. చెల్లనిచో పంట జప్తు చేయుటకు వచ్చువారు దివాణపు మనుషులే. అడవిలో కట్టె కొట్టుటకును, చెరువు నీరు పొలమునకు మళ్లించుటకును దివాణపు అనుమతి కావలసియుండెను. వెట్టి, నజరానా మొదలైన వాడుకలు అనేక స్థలములందు సాగుచునే యుండెను. 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేటుల భూమి చట్టము రైతునకు సాగుహక్కును కొంతవరకు స్థిరపరచినది గాని, ఆ భూమి ఎవరిది అను ప్రశ్నను ముట్టలేదు. కాబట్టి మన దేశమున కూలవలసిన రాజరికము కిరీటమునందు లేదు. అది ఆ భూమిహక్కునందు ఉండెను.

1919 నాటి రాజ్యాంగ సంస్కరణల ననుసరించి 1920 నవంబరులో తొలి ఎన్నికలు జరిగినవి. ఓటుహక్కు కొంత ఆస్తి కలవారికే పరిమితము. విద్య, వైద్యము, స్థానిక స్వపరిపాలనము వంటి శాఖలు మాత్రమే మంత్రుల చేతికి వచ్చెను. భూమిశిస్తు గవర్నరు కార్యాలోచన సభవద్దనే నిలిచెను. కాంగ్రెసువారు ఆ ఎన్నికలను బహిష్కరింపగా జస్టిస్ పార్టీ అధికారమునకు వచ్చినది. ఆ పక్షపు నాయకుడు, చెన్నపురి తెలుగు ప్రముఖుడు పిట్టి త్యాగరాయ సెట్టిగారు ముఖ్యమంత్రి పదవిని వలదనిరి. సుబ్బరాయలు రెడ్డియారుగారు దానిని చేపట్టి అనారోగ్యముచే కొలది నెలలలోనే విరమించిరి. 1921 జూలైలో పానుగంటి రామరాయణింగారు ముఖ్యమంత్రి యైరి. ఆయనయే పానగల్లు రాజావారు. కాళహస్తిలో జన్మించి, తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలులోను ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, ఈ నగరమును తన ఊరిగా చేసికొన్న తెలుగువారు ఆయన.

ఆ తొలి సభ తన కున్న కొద్దిపాటి అధికారముతోనే చేసిన పనులు చిన్నవి కావు. స్త్రీలకు ఓటుహక్కు కల్పింపవలెనని 1921లో తీర్మానించి, ఈ దేశపు రాష్ట్ర శాసనసభలలో మద్రాసు ముందడుగు వేసినది. 1925లో ఆమోదించిన హిందూ మత ధర్మాదాయముల చట్టముచే దేవాలయముల ఆస్తులకు లెక్క చెప్పవలసిన బాధ్యత ధర్మకర్తలపై పడెను. ఆ ధర్మకర్తలలో జమీందారులును పెక్కుమంది యుండిరి. వంశపారంపర్యముగా వచ్చిన అధికారమైనను శాసనమునకు సమాధానము చెప్పవలసినదే యను సూత్రమును ఒక రాజాగారి మంత్రివర్గమే సభచేత ఒప్పించెను.

1923 నవంబరులో ఆ మంత్రివర్గమే సభయెదుట పరీక్షకు నిలువవలసి వచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు నాయకత్వము వహించిన ప్రతిపక్షము అవిశ్వాస తీర్మానమును తెచ్చినది. ఒకవైపు రాజావారు, రెండవవైపు తెలుగు సాహిత్య విమర్శకు కొత్త దారి తీసిన పండితుడు. తీర్మానమునకు అనుకూలముగా 44 ఓట్లును, వ్యతిరేకముగా 65 ఓట్లును వచ్చుటచే మంత్రివర్గము నిలిచినది. ఓట్ల లెక్కలో రాజావారు గెలిచిరి. అయినను, రాజు పదవిలో ఉండవలెనా వలదా యను ప్రశ్నను బహిరంగ సభలో అడుగవచ్చుననియు, దానికి తల లెక్కించియే జవాబు చెప్పవలెననియు ఆనాడు స్థిరపడినది. ఆ మంత్రివర్గపు కాలముననే, 1926లో, స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమ వైస్ ఛాన్సలరు అయినవారు ఆ రామలింగారెడ్డిగారే.

జస్టిస్ పార్టీలో జమీందారులకును, జమీందారులు కాని నాయకులకును పొత్తు ఎక్కువకాలము కుదరలేదు. 1930లో ముఖ్యమంత్రి యైన బొల్లిని మునుస్వామినాయుడుగారు జమీందారీ వర్గమునకు చెందినవారు కారు. పక్షములోని జమీందారుల ప్రాబల్యముచే ఆయన 1932లో పదవి విడువవలసి వచ్చెను. నవంబరులో బొబ్బిలి రాజావారు, రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు, ముఖ్యమంత్రి యైరి. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరములు. 1936లో కొలది నెలలు తప్ప 1937 వరకు ఆయనయే ఆ పదవియందుండిరి.

1935 నాటి చట్టముచే ఓటర్ల సంఖ్య పూర్వముకంటె ఎన్నో రెట్లు పెరిగెను. 1937 ఫిబ్రవరి ఎన్నికలలో బొబ్బిలి నియోజకవర్గమున రాజావారికి ప్రత్యర్థిగా కాంగ్రెసు పక్షమున వరాహగిరి వేంకటగిరిగారు నిలిచిరి. ఆయన బరంపురమున జన్మించిన న్యాయవాది, రైల్వే కార్మికుల నాయకుడు. కోటయు దివాణమును రాజావారివి. ఓటర్లలో అనేకులు దివాణమునకు శిస్తు కట్టువారు. అయినను వారు గిరిగారినే గెలిపించిరి. 1757లో బొబ్బిలి కోటను పడగొట్టుటకు ఫ్రెంచివారి ఫిరంగులును విజయనగరపు సేనలును కావలసివచ్చెను. నూట ఎనుబది సంవత్సరముల తరువాత అదే బొబ్బిలిలో రాజావారిని ఓడించుటకు రైతు తన పల్లె నుండి పోలింగు కేంద్రము వరకు నడచిన చాలినది. శాసనసభలోని 215 స్థానములలో 159 కాంగ్రెసునకు దక్కెను. ఆ రోజు గెలిచిన గిరిగారు 1969లో భారత రాష్ట్రపతి యైరి.

ఎన్నికలో ఒక వ్యక్తి ఓడుట వేరు. ఆయన వర్గపు హక్కు తొలగుట వేరు. రెండవ పనికి సభ పూనుకొనవలసియుండెను. రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున టంగుటూరి ప్రకాశముగారు రెవిన్యూ మంత్రి. సభకు అధ్యక్షులు బులుసు సాంబమూర్తిగారు. జమీందారీ రైతుల కష్టములను విచారించుటకు ప్రకాశముగారి అధ్యక్షతన ఉభయసభల సభ్యులతో ఒక సంఘము ఏర్పడెను. 1937-38లో ఇచ్ఛాపురము నుండి రైతులు యాత్రగా బయలుదేరి, గ్రామ గ్రామమున తమ కోరికలను చాటుచు చెన్నపురికి చేరిరి. ప్రకాశముగారి సంఘము 1938లో తన నివేదికను సమర్పించెను. భూమికి యజమాని రైతే. జమీందారు శిస్తు వసూలు చేయు అధికారము కలవాడు మాత్రమే. శిస్తును 1802 నాటి మట్టమునకు తగ్గింపవలెను. ఆ నివేదిక సారాంశ మిదియే.

1939 జనవరిలో సభ ఈ నివేదికను చర్చించి ఆమోదించినది. అప్పుడు శాసనసభ సమావేశములు జరుగుచుండినది ఎడ్వర్డు క్లైవు కట్టించిన ఆ విందుశాలలోనే. 1802లో భూమిని జమీందారునకు వ్రాసి యిచ్చిన గవర్నరు నిర్మించిన కప్పుక్రిందనే, 137 సంవత్సరముల తరువాత, ఆ వ్రాత చెల్లదని ప్రజాప్రతినిధులు పలికిరి. పార్లమెంటు అధికార మనగా ఏమని పిల్లలు అడిగినచో చూపదగిన ఉదాహరణము ఇంతకంటె చెన్నపురిలో వేరొకటి లేదు.

అయితే తీర్మానము శాసనము కాలేదు. అదే సంవత్సరము అక్టోబరులో, భారతీయుల నడుగకయే భారతదేశమును యుద్ధములోనికి దింపినందులకు నిరసనగా, మంత్రివర్గము రాజీనామా చేసెను. శాసనసభ మూతబడినప్పుడు నష్టము ఎవరిదో మరుసటి యేట తెలిసినది. 1940 ఏప్రిల్ 1వ తేదీన మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసుల కాల్పులకు వీరగున్నమ్మ అను రైతుస్త్రీ బలి యైనది. అడవిలో కట్టె కొట్టుకొను హక్కునుగూర్చిన తగవు అచ్చటికి దారి తీసినది. సభలో చర్చగా ముగియవలసిన వివాదము పల్లెవీథిలో రక్తపాతముగా ముగిసినది.

1946లో ప్రజాప్రభుత్వము మరల ఏర్పడెను. 1947లో జమీందారీ శిస్తులను తగ్గించు చట్టము వచ్చినది. ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారి మంత్రివర్గమున రెవిన్యూ మంత్రి కళా వెంకటరావుగారు ఎస్టేటుల రద్దు బిల్లును సభలో నడిపించిరి. అదియే 1948 నాటి 26వ చట్టము. 1949 నుండి ఎస్టేటులు ఒక్కొక్కటిగా ప్రభుత్వ పరమైనవి. రైతునకు రైతువారీ పట్టా లభించెను. జమీందారులకు నష్టపరిహారము చెల్లించుటకు ఏర్పాటు జరిగెను. చిన్న ఎస్టేటులకు ఆదాయమునకు ఎక్కువ రెట్లును, పెద్దవాటికి తక్కువ రెట్లును లెక్కగట్టిరి. ఓడిపోయిన వర్గము దేశబహిష్కృతము కాలేదు. స్వతంత్ర భారతమునకు రాజ్యాంగమును వ్రాయ సమావేశమైన సభలో మద్రాసు ప్రతినిధులుగా కూర్చున్నవారిలో బొబ్బిలి రాజావారును ఒకరు.

ఈ మార్పులో లోపములు లేవనుట చరిత్రకు ద్రోహము. పట్టా లభించినది రైతునకు; ఆ రైతు పొలములో కూలి చేసిన మనిషికి కాదు. వెట్టి చేసినవారి సంతతిలో ఎందరో భూమి లేనివారుగనే మిగిలిరి. జమీందారీలతోపాటు కొన్ని మంచి ఆశ్రయములును పోయినవి. 1911లో ఈ నగరముననే పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన మహానిఘంటువునకు సూర్యరాయాంధ్ర నిఘంటు వను పేరు వచ్చుట పిఠాపురపు మహారాజావారి ఔదార్యము వలననే. రాజు ఇచ్చిన ఆ ధనము రైతు చెల్లించిన శిస్తే యనుటయు నిజమే. ఆ ధనము లేనిచో ఆ నిఘంటువు వెలువడుట కష్టమనుటయు నిజమే. రెండింటిని కలిపి చెప్పనిచో మన పిల్లలకు సగము చరిత్రయే అందును.

చెన్నపురిలో స్థిరపడిన తెలుగువారికి ఈ కథలో ఇంకొక పాఠము కలదు. 1920లో ఈ నగరపు సభలో మన సంఖ్య పెద్దది. 1952 డిసెంబరు 15వ తేదీన మైలాపూరులో ఆ సాంబమూర్తిగారి యింటనే పొట్టి శ్రీరాములుగారు ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము విడిపోయినది. నాటితో ఇచ్చటి సభలో మనము అల్పసంఖ్యాకుల మైతిమి. తల లెక్కించు విధానము రాజును దింపగలదు. కాని తలలు తక్కువగా నున్నవారికి ఆ లెక్క యొక్కటియే రక్ష కాజాలదు. మన పిల్లలకు తెలుగు పాఠము దొరకుటకైనను, మన పాఠశాల నిలుచుటకైనను, ప్రశ్న అడుగు హక్కు, అడిగినవానికి జవాబు చెప్పవలసిన బాధ్యత, ఓడినవానికిని సభలో చోటు ఇచ్చు మర్యాద కావలెను. 1923లో పానగల్లు రాజావారును రామలింగారెడ్డిగారును ఎదురెదురుగా నిలిచి నేర్పినది ఇదియే.

త్యాగరాయనగరమున పానగల్లు పార్కు ప్రక్కగా మనము ప్రతిదినము నడచుచుందుము. బట్టల దుకాణముల సందడిలో ఆ పేరు ఎవరిదో అడుగువారు తక్కువ. నాటి సభా చర్చలు సంపుటములుగా ముద్రితమై యున్నవి. వానిలో తెలుగు పేర్లు పుటపుటను కనబడును. మన సంఘపు యువకులు కొందరు పూనుకొని, ఆ చర్చలలో ముఖ్యమైనవానిని తెలుగులోనికి తెచ్చినచో, తాతలు ఈ నగరమునకు బ్రతుకుతెరువునకు మాత్రమే రాలేదనియు, ఇచ్చటి పాలనకు రూపు దిద్దుటలో వారికిని పాలు కలదనియు మనుమలు తెలిసికొందురు.