92వ నెంబరు శునకము

ఆంధ్ర మహాభారతమున కథాప్రారంభముననే సరమ యను దేవశునకి వృత్తాంతము కలదు. జనమేజయుని యజ్ఞవాటికలో ఆడుకొనవచ్చిన కుక్కపిల్లను రాజసోదరులు నిష్కారణముగా కొట్టిరి. తల్లి రాజసన్నిధికి వచ్చి, తన బిడ్డ చేసిన తప్పేమని నిలదీసెను. ఒక మూగజీవి పక్షమున వేయబడిన ఆ ప్రశ్న మన సాహిత్యపు గడపలోనే నిలిచియున్నది. వైద్యశాస్త్ర చరిత్రలోను ఆ ప్రశ్న వినిపించు ఘట్టములు కలవు. అందొకటి 1921వ సంవత్సరపు వేసవిలో కెనడా దేశమునందలి టొరంటో విశ్వవిద్యాలయములో జరిగినది.

మధుమేహము భారతీయ వైద్యులకు క్రొత్త వ్యాధి కాదు. చరక సుశ్రుతులు దీనిని వర్ణించిరి. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను మన పూర్వులు గమనించిరి. కాని ఈ వ్యాధికి మూలము దేహములో ఎక్కడ నున్నదో తెలియుటకు చాలకాలము పట్టెను. 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అను నిరువురు వైద్యులు ఒక కుక్క క్లోమగ్రంథిని తొలగింపగా, దానికి తీవ్రమైన మధుమేహము సంక్రమించెను. ఆ గ్రంథిలో చక్కెరను అదుపులో నుంచు పదార్థమేదో కలదని అప్పుడు తేలినది. దానిని వెలికి దీయుటకు పలువురు ప్రయత్నించినను, రోగికి నిలుకడగా పనికివచ్చు మందు సిద్ధము కాలేదు. ఈ లోపల వ్యాధి సోకిన పసిపిల్లలకు మిగిలిన చికిత్స ఒక్కటే: దాదాపు పస్తుంచుట. ఆహారము పెట్టిన వ్యాధి చంపును. పెట్టనిచో ఆకలి చంపును. తల్లిదండ్రులు ఈ రెంటి నడుమ కొన్ని నెలలను సంపాదించుకొనుచుండిరి.

ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో ఒంటారియో రాష్ట్రమున ఒక రైతు కుటుంబములో జన్మించెను. మొదటి ప్రపంచ యుద్ధములో సైనిక వైద్యుడుగా పనిచేసి, 1918లో స్వయముగా గాయపడెను. 1920 అక్టోబరు చివర ఒక రాత్రి, క్లోమపు నాళమును కట్టివేసినచో అందలి జీర్ణరసములు నశించి, కావలసిన పదార్థము చెడక మిగులునను ఊహ అతనికి తోచినది. ఆచార్య మెక్లియాడ్ తన ప్రయోగశాలలో చోటిచ్చి, చార్లెస్ బెస్ట్ అను యువవిద్యార్థిని తోడిచ్చెను. 1921 మే నెలలో పని ప్రారంభమయ్యెను. శస్త్రచికిత్స వలనను, అంటు వలనను మొదట చాల కుక్కలు మరణించెను. జూలై 30వ తేదీన 410వ నెంబరు కుక్కకు తమ సారమును సూదివేయగా, దాని రక్తములోని చక్కెర తగ్గినది.

ఆగస్టు 11వ తేదీన రెండు కుక్కలకు క్లోమమును తొలగించిరి. 409వ నెంబరుదానికి మందీయలేదు; అది నాలుగు దినములలో మరణించెను. పసుపు వన్నె కోలీ జాతికి చెందిన 92వ నెంబరు కుక్కకు మందిచ్చిరి. జంట కుక్క పోయిన తరువాతను అది తిరుగాడుచుండెను. ప్రతిదినము దానిని చేరదీసి, రక్తము తీసి, సూది వేసి, దాని కన్నులలోని తేటదనమును కనిపెట్టుచుండిన వారికి, అది ప్రయోగవస్తువుగా మాత్రమే మిగులుట సాధ్యమా? నెంబరుతో వచ్చిన కుక్క నేస్తమైనది.

కాని ఆ మందు ఇతర జంతువుల క్లోమము నుండియే రావలెను. ఒక కుక్క ప్రాణము నిలుపుటకు మరియొక ప్రాణిని బలిపెట్టవలసి యుండెను. చేతనున్న సారము కొంచెము. దాని బలము ఒకనాడున్నట్లు మరునాడుండదు. సరఫరా సాగలేదు. దాదాపు 20 దినములు బ్రతికి, 92వ నెంబరు కుక్క ఆగస్టు 31వ తేదీన మరణించెను. రోగులు మరణించుటను చూచియు కంటతడి పెట్టని తాను, ఆ కుక్క పోయిన దినమున ఏకాంతమును కోరితిననియు, కన్నీటిని ఆపుకొనలేకపోతిననియు బాంటింగ్ తరువాతి కాలమున వ్రాసికొనెను.

ఈ మాటను సులువుగా మెచ్చుకొని దాటిపోరాదు. ఆ వ్యాధిని కుక్కకు కలిగించినవాడును అతడే. కలిగించిన చేయియే నయము చేయజూచినది. నయము చేయలేక దుఃఖించినది. ఆ దుఃఖము చేసిన పనిని మాపదు. అయినను, ఆ చేయి మొద్దుబారలేదని మాత్రము తెలుపును.

తరువాత పని వేరుదారి పట్టెను. పుట్టని దూడల క్లోమములో జీర్ణరసములు తక్కువగా నుండునని ఎరిగి, బాంటింగ్ వానిని కబేళాల నుండి తెప్పించెను. అటుపిమ్మట పెద్ద పశువుల గ్రంథియు పనికివచ్చెను. మార్జరీ అను పేర ప్రసిద్ధమైన 33వ నెంబరు కుక్క ఈ మందుతో 70 దినములు జీవించెను. 1922 జనవరి 11వ తేదీన 14 ఏండ్ల లియొనార్డ్ టాంప్సన్ అను బాలునికి మొదటి సూది వేసిరి. ఫలము స్వల్పము. కాలిప్ అను రసాయనవేత్త శుద్ధిచేసిన సారమును 23వ తేదీన ఇయ్యగా, బాలుడు కోలుకొనెను. అదియే ఇన్సులిన్. దానిపై హక్కులను ఒక్కొక్క డాలరు చొప్పున తీసికొని విశ్వవిద్యాలయమునకు వదలివేసిరి. 1923లో బాంటింగ్, మెక్లియాడులకు నోబెల్ బహుమానము లభించెను. బాంటింగ్ తన భాగములో సగము బెస్టుకును, మెక్లియాడ్ కాలిప్‌నకును పంచియిచ్చిరి.

కుక్కలకును సహజముగా మధుమేహము వచ్చును. పెద్దవానికే ఎక్కువగా వచ్చినను, లేతవయసు కుక్కలను అది పూర్తిగా విడువదు. నేడు వానికిని ఇన్సులినే చికిత్స. పంది ఇన్సులిన్ నిర్మాణమును కుక్క ఇన్సులిన్ నిర్మాణమును ఒక్కటియే గనుక, ఆ మందు వానికి చక్కగా సరిపోవును. వేళకు తిండి, సాధారణముగా దినమునకు రెండు సూదులు, నీరు త్రాగుట పైని, చూపు మందగించుట పైని కన్నువేసియుండుట. ఇది యజమాని ఇంటిల్లిపాదికిని నిత్యవ్రతము వంటిది. ఎంత జాగ్రత్తపడినను కొన్ని నిలువవు. పెంచుకొన్న పిల్లజీవి అట్లు చేజారిపోయినప్పుడు, కుక్క కొరకు ఇంత శోకమా యని పొరుగువారు ఆశ్చర్యపడవచ్చును. యుద్ధభూమిని చూచిన వైద్యుడే ఒక పసుపువన్నె కుక్క కొరకు విలపించెను. కనుక వారు సిగ్గుపడ నక్కరలేదు.

సరమ అడిగిన ప్రశ్నకు టొరంటో కుక్కల విషయమున సమాధానము లేదు. అవి ఏ తప్పును చేయలేదు. వాని ఋణము మాత్రము మిగిలినది. మధుమేహముతో పెరిగి పెద్దవాడైన ప్రతి బిడ్డయు, ప్రతి ఉదయమును సూదికై ఒదిగి నిలుచు ప్రతి కుక్కయు ఆ ఋణములో పాలివారే.