ఆఫ్రికన్ అమెరికన్ కవిత్వంలో క్రైస్తవ విశ్వాసం, జాతి వివక్ష

అమెరికాలో నల్లజాతి కవులు జాతి వివక్షను బైబిలు సాక్షిగా ప్రశ్నించడం బానిసత్వ కాలంలోనే మొదలైంది. అదే బైబిలును యజమానులు బానిసత్వానికి సమర్థనగా వాడుకున్నారు. దాసులు యజమానులకు లోబడాలన్న పౌలు పత్రికల బోధను తోటల్లో పదేపదే వినిపించేవారు. వెస్టిండీస్‌లోని బానిసల కోసం 1807లో లండన్‌లో అచ్చువేసిన సంక్షిప్త బైబిలులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు చెర నుంచి విడుదలైన కథే లేకుండా చేశారు. ఆ కథ బానిసల చెవిన పడితే ఏమవుతుందో దాన్ని తీసేసినవారికి బాగా తెలుసు.

అమెరికాలో అచ్చులో వచ్చిన తొలి నల్లజాతి కవి జూపిటర్ హామన్. లాంగ్ ఐలండ్‌లో బానిసగా బతికిన ఆయన 1760 డిసెంబరు 25 తేదీతో రాసిన కవిత రక్షణ కోసం చేసిన ప్రార్థన. ఆయన తర్వాత వచ్చిన ఫిలిస్ వీట్లీని పశ్చిమాఫ్రికా నుంచి 1761లో బోస్టన్‌కు తెచ్చి అమ్మారు. అప్పటికి ఆమెకు ఏడెనిమిదేళ్లు. 1773లో లండన్‌లో వెలువడిన ఆమె కవితా సంపుటిలో, ఆ పద్యాలు నిజంగా ఆమే రాసిందని ధ్రువీకరిస్తూ బోస్టన్ ప్రముఖులు 18 మంది సంతకాలు చేయాల్సివచ్చింది. ఆఫ్రికా నుంచి తనను తేవడాన్ని దేవుని దయగా చెప్పిన ఆమె ఎనిమిది పాదాల కవిత తర్వాతి తరాల్లో చాలామందిని నొప్పించింది. అయితే నల్లవారికీ మోక్షంలో చోటుందని ఆ కవిత చివర తెల్ల క్రైస్తవులకే గుర్తుచేస్తుంది. 1774లో మొహెగన్ తెగకు చెందిన మత బోధకుడు సామ్సన్ ఆకమ్‌కు రాసిన లేఖలో ఆమె ఇంకా సూటిగా మాట్లాడింది. స్వేచ్ఛ మీది ప్రేమను మనిషి గుండెలో దేవుడే నాటాడని చెప్పి, బానిస యజమానులను నేటి ఐగుప్తీయులుగా వర్ణించింది.

చదవడం రాయడం నిషేధించిన చోట కవిత్వం పాటగా బతికింది. స్పిరిచువల్స్ అని పిలిచే ఈ కీర్తనలకు కర్తల పేర్లు తెలియవు. వాటిలో ఫరో అంటే యజమాని. యొర్దాను నది ఒక్కోసారి మరణానికి, ఒక్కోసారి ఉత్తరాన స్వేచ్ఛా రాష్ట్రాలకు సరిహద్దు అయిన ఒహాయో నదికి సంకేతం. 1867లో ఈ పాటల సంకలనం పుస్తకంగా వచ్చింది. నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యాసంస్థ గాయకులు 1871 నుంచి ఊరూరా పాడి వీటిని ప్రపంచానికి వినిపించారు.

బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845 నాటి ఆత్మకథ చివర, క్రీస్తు మతం వేరు, ఈ దేశంలో ఆ పేరుతో నడుస్తున్న మతం వేరు అని తేల్చిచెప్పారు. అక్కడే ఒక ప్రసిద్ధ కీర్తన బాణీలో కపట బోధకులను ఎండగట్టే పద్యాన్ని చేర్చారు. కవయిత్రి ఫ్రాన్సెస్ హార్పర్ 1869లో మోషే జీవితాన్ని దీర్ఘకావ్యంగా మలిచారు. రాజభవన సుఖాన్ని వదిలి తన బానిస జనంతో నిలిచిన ఆమె మోషే, అంతర్యుద్ధం తర్వాత నల్లజాతి నాయకత్వం ఎలా ఉండాలో చూపిన ఆదర్శం.

బానిసత్వం నుంచి విముక్తి వచ్చాక కూడా హింస ఆగలేదు. 1877 నుంచి 1950 మధ్య 4,400కు పైగా నల్లజాతీయులను మూకలు లించింగ్ పేరుతో చంపాయి. చంపినవారిలో ఆదివారం చర్చికి వెళ్లేవారూ ఉన్నారు. 1906 సెప్టెంబరులో అట్లాంటాలో తెల్లవారి మూకలు నల్లవారిపై దాడి చేసినప్పుడు, నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ సామూహిక ప్రార్థన రూపంలో రాసిన కవితలో దేవుని మౌనాన్నే నిలదీశారు.

అప్పటిదాకా ఈ కవిత్వానికి మూలమైన నిర్గమకాండంలోని విడుదల కథ స్థానంలోకి క్రమంగా సిలువ వచ్చింది. హార్లెమ్‌లో మెథడిస్టు పాస్టరు ఇంట పెరిగిన కౌంటీ కలెన్, దక్షిణాది రాష్ట్రాలు క్రీస్తును మళ్లీ సిలువ వేస్తున్నాయన్న భావంతో 1922లో ఒక సానెట్ రాశారు. 1929లో నల్ల క్రీస్తు పేరుతో ఆయన వెలువరించిన కథాకావ్యంలో మూక చంపిన యువకుడు తిరిగి సజీవంగా ఇంటికి వస్తాడు, అతని బదులు ప్రాణమిచ్చింది క్రీస్తే. తల్లి విశ్వాసానికీ కొడుకు సందేహానికీ మధ్య సాగే ఆ వాదం ఈ సాహిత్యంలో ఎంతో నిజాయితీగా కనిపించే ఘట్టం.

లాంగ్‌స్టన్ హ్యూస్ అంతకంటే కఠినంగా రాశారు. 1931 మార్చిలో అలబామాలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్లపై తప్పుడు అత్యాచార ఆరోపణ మోపారు. రెండు వారాల్లోనే వారిలో ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. ఆ కేసు నేపథ్యంలో అదే ఏడాది డిసెంబరులో ఉత్తర కరోలినాలోని ఒక చిన్న పత్రిక అచ్చువేసిన హ్యూస్ కవితలో అలబామా క్రీస్తు నల్లవాడు, అతని తల్లి నల్ల దాసి, తండ్రి తెల్ల యజమాని. నల్ల స్త్రీలపై యజమానులు తరతరాలుగా చేసిన అత్యాచారాన్ని ఆ పవిత్ర కుటుంబం ఒక్కసారిగా బయటపెట్టింది. దైవదూషణ అంటూ దుమారం లేచింది. మరుసటి ఏడు ఆయన క్రీస్తుకే వీడ్కోలు పలుకుతూ రాసిన కవిత దశాబ్దాలపాటు ఆయనను వెంటాడింది. ఆ హ్యూసే 1961లో యేసు జననాన్ని గాస్పెల్ పాటల నాటకంగా రూపొందించారు. ఆయన వ్యతిరేకత విశ్వాసం మీద కన్నా దాన్ని అమ్ముకునేవారి మీదే ఎక్కువ.

1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని 16వ వీధి బాప్టిస్టు చర్చిలో తెల్లజాతి దురహంకారులు పెట్టిన బాంబుకు నలుగురు బాలికలు బలయ్యారు. దానిపై కవి డడ్లీ రాండాల్ రాసిన బాలడ్‌లో పౌరహక్కుల ఊరేగింపు ప్రమాదమని భయపడిన తల్లి, క్షేమంగా ఉంటుందని కూతురిని చర్చికే పంపుతుంది.

ఈ కవుల చూపును క్రైస్తవ వేదాంతంలోకి తెచ్చినవారు జేమ్స్ కోన్. నల్లజాతి వేదాంతానికి 1969లో పునాది వేసిన ఆయన, 2011లో సిలువనూ లించింగ్‌లో ఉరితీసిన చెట్టునూ పక్కపక్కన పెట్టి పుస్తకం రాశారు. రైన్‌హోల్డ్ నీబర్ వంటి పేరుమోసిన తెల్ల వేదాంతులు కూడా ఆ రెంటినీ కలిపి చూడలేదని అందులో విమర్శించి, ఆ పని చేసిన కలెన్, హ్యూస్ వంటి కవులకు ఒక అధ్యాయాన్ని కేటాయించారు.