ముడిచమురు వెంట వచ్చిన ఫ్యాక్టరీ

1928 ఆగస్టులో స్కాట్లండ్ కొండల్లోని ఆక్నకేరీ కోటకు కొందరు పెద్దమనుషులు పిట్టల వేటకని చేరారు. షెల్ అధిపతి హెన్రీ డెటర్డింగ్, న్యూజెర్సీ స్టాండర్డ్ అధిపతి వాల్టర్ టీగల్, ఆంగ్లో-పర్షియన్ చమురు కంపెనీ తరఫున జాన్ కాడ్మన్. పిట్టల సంగతేమోగానీ, ప్రపంచ చమురు బజారులో ఎవరి వాటా వాళ్లకు ఉన్నదున్నట్టు ఉంచుకుందామన్న రహస్య ఒప్పందం మాత్రం సెప్టెంబరుకల్లా తయారైంది. ఇంతటి ఆసాములను ఒక్కచోట కూర్చోబెట్టిన తగవు ఎక్కడ రాజుకుందో చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. మన దేశంలో, అదీ కిరసనాయిలు దగ్గర!

అంతకు ముందేడు న్యూయార్క్ స్టాండర్డ్ (అందరూ సోకోనీ అనేవారు) సోవియట్ కిరసనాయిలు కొని ఇక్కడ అమ్మకానికి పెట్టింది. డెటర్డింగ్‌కు ఒళ్లు మండింది. బాకులోని తమ బావులను బోల్షెవిక్‌లు లాక్కున్నారు కాబట్టి అది దొంగసొత్తేనని ఆయన వాదన. భారతదేశంలో ధర తెగ్గోశాడు. సోకోనీ కూడా తగ్గించింది. పోటీ ముదిరి ఇతర దేశాలకూ పాకింది.

ఆ కాలపు కిరసనాయిలు నాలుగు గ్యాలన్ల చదరపు రేకు డబ్బాలో వచ్చేది. నూనె అయిపోయాక పైరేకు కోసేసి, అడ్డంగా ఒక కర్ర బిగిస్తే నీళ్ల బిందె. విప్పి సాగదీస్తే చూరుకు రేకు. ఊరి బుడ్డిదీపాల్లో వెలిగిన చమురు ఏ దేశానిదో ఎవరికీ పట్టలేదుగానీ, డబ్బా మాత్రం ఇంట్లో ఏళ్ల తరబడి ఉండిపోయింది. నన్నడిగితే విదేశీ కంపెనీ మన పల్లెకు మిగిల్చిన మొదటి స్థిరాస్తి అదే.

ఇక 1928 నుంచి స్వాతంత్ర్యం దాకా ఒక్క అంగలో దాటేద్దాం. సరుకు బయటినుంచి శుద్ధయి వచ్చేది, బర్మాషెల్ లాంటి సంస్థలు అమ్ముకునేవి. అస్సాంలో 1901 నాటి దిగ్బోయ్ తప్ప చెప్పుకోదగ్గ శుద్ధి కర్మాగారం లేదు. అసలు కథ తర్వాతే.

1948 పారిశ్రామిక విధాన తీర్మానం ఖనిజ నూనెల్లో కొత్త పరిశ్రమలు ప్రభుత్వానివేనంది. మరుసటేడు ఏప్రిల్ 6న నెహ్రూ విదేశీ పెట్టుబడికి అభయమిచ్చారు: వివక్ష ఉండదు, లాభాలు పంపుకోవచ్చు, స్వాధీనం చేసుకోవాల్సి వస్తే న్యాయమైన పరిహారం ఇస్తాం. అయినా ఇక్కడ రిఫైనరీ కడితే గిట్టదనే కంపెనీలు చెబుతూ వచ్చాయి. 1951లో ఇరాన్‌లో మొసాద్దెక్ చమురును జాతీయం చేశాడు, అక్కడి అబాదాన్ రిఫైనరీ మూతపడింది, మనకు వచ్చే శుద్ధ చమురుకు గండి పడింది. గిట్టదన్న వాళ్లే ఒప్పందాలకు వచ్చారు. బొంబాయి ట్రాంబేలో స్టాన్‌వ్యాక్, బర్మాషెల్. విశాఖపట్నంలో కాల్టెక్స్. స్టాన్‌వ్యాక్ భాగస్వాముల్లో ఒకరు ఆ పాత సోకోనీ వారసులే.

కాల్టెక్స్ అంటే స్టాండర్డ్ ఆఫ్ కాలిఫోర్నియా, టెక్సాకో 1936లో కలిసి పెట్టుకున్న సంస్థ. వెనక బహ్రెయిన్, సౌదీ బావులున్నాయి. విశాఖ ఒప్పందం 1953లో కుదిరింది. 1957లో మల్కాపురం వైపు గొట్టాలు పొగలు కక్కాయి. శక్తి ఏడాదికి 6.75 లక్షల టన్నులు. ఇప్పటి లెక్కన చిన్నదే.

ఆ మూడు ఒప్పందాల షరతులు ఇప్పుడు చదివినా కళ్లు తిరుగుతాయి. యాజమాన్యం వాళ్లదే. కనీసం 25 ఏళ్లు ప్రభుత్వం స్వాధీనం చేసుకోదు. సుంకాల రక్షణ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ముడిచమురు తమకు నచ్చిన చోటినుంచి తెచ్చుకునే హక్కు. నచ్చిన చోటంటే సొంత బావులే. ఆ చమురు ధరను కంపెనీయే తనకు తాను వేసుకుంటుంది. విశాఖలో ఫ్యాక్టరీ లాభం ఎంతో తేలాలంటే ముందు ఆ ధర తేలాలి. రిఫైనరీ మీద వచ్చేది పైసంపాదన. అసలు రాబడి బావి దగ్గరే. ఆ రోజుల్లో కంపెనీలకు ముడిచమురు మిగిలిపోతోంది. సముద్రం ఈవల తప్పించుకోలేని ఖాతాదారు దొరికాడు. నా మటుకు నాకు ఆ పెట్టుబడి కిటుకంతా ఇదే.

దాన్ని పసిగట్టినవాడు చమురు మంత్రి కేశవదేవ్ మాలవీయ. 1960లో సోవియట్ యూనియన్ తక్కువ ధరకు, రూపాయల్లో చెల్లిస్తే చాలంటూ ముడిచమురు ఇవ్వజూపింది. డాలర్లకు కటకటలాడుతున్న రోజులవి. మాలవీయ మూడు కంపెనీలనూ పిలిచి ఈ చమురు శుద్ధి చెయ్యమన్నారు. ఒప్పందం తీసి చూపించారు వాళ్లు: ఎక్కడినుంచి తెచ్చుకోవాలో మా ఇష్టం. ముప్ఫై మూడేళ్ల కిందట రష్యా కిరసనాయిలు మీద కొట్టుకున్న వంశాలే, ఈసారి ఒక్కమాట మీద నిలబడ్డాయి!

మాలవీయ ఊరుకోలేదు. శుద్ధి చెయ్యరా, శుద్ధి చేసిందే తెప్పిస్తామన్నారు. 1959లో పుట్టిన ఇండియన్ ఆయిల్ కంపెనీ కోసం 1960 ఆగస్టు 17న ఉజ్గరోద్ అనే ఓడ 11,390 టన్నుల డీజిల్‌తో బొంబాయి పీర్‌పావ్ జెట్టీకి వచ్చి ఆగింది. అప్పటిదాకా తగ్గించడం కుదరదన్న కంపెనీలు ముడిచమురు మీద రాయితీలివ్వడం మొదలుపెట్టాయి. ధరల సంగతి తేల్చడానికి దామ్లే కమిటీ కూర్చుంది. సంతకం అయిపోయిన ఒప్పందాన్ని మళ్లీ మళ్లీ తిప్పి చదివి, ఇందులో మనకేం మిగిలిందని మంత్రి అడిగే అలవాటు అప్పుడుండేది. ఇప్పుడది పోయింది. 2023 మార్చిలో అదే విశాఖలో పెట్టుబడుల సదస్సు జరిగితే 13 లక్షల కోట్ల రూపాయల పైచిలుకు ఒప్పందాలన్నారు. అంకె ప్రతి పత్రికలోనూ పతాక శీర్షిక. షరతులు ఏ లోపలి పేజీలో వెతుక్కోవాలి?

ఏడాదికేడాది వరుసగా చెప్పుకుంటూపోతే ఆ తర్వాత రసం తక్కువ. 1973 చమురు సంక్షోభంతో చవక ముడిచమురు రోజులు ముగిశాయి, బావులు అరబ్బు ప్రభుత్వాల చేతికి పోతున్నాయి. బావి మీద పట్టు సడలాక అవతలి ఒడ్డున ఖాతాదారును కట్టేసుకుని ఏం లాభం? 1974లో ఎస్సో (పాత స్టాన్‌వ్యాక్), 1976 జనవరిలో బర్మాషెల్, ఆ ఏడాది చివర్న కాల్టెక్స్, బేరం కుదుర్చుకుని తప్పుకున్నాయి. హామీ ఇచ్చిన 25 ఏళ్లు నిండకముందే అంతా అయిపోయినా పెద్ద రగడ లేదు. 1977లో వచ్చిన కాల్టెక్స్ వాటాల స్వాధీన చట్టం పేరు చదవడానికి మాత్రం గట్టిగా ఊపిరి పీల్చుకోవాలి. 1978 మేలో విశాఖ రిఫైనరీ హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసిపోయింది.

కాల్టెక్స్‌కు ఒక పక్కింటి చుట్టం ఉంది. ఎరువులకు ముడిసరుకుగా రిఫైనరీలో వచ్చే నాఫ్తా అందుబాటులో ఉంటుందని, 1960ల్లో షెవ్రాన్ (కాల్టెక్స్ భాగస్వామి స్టాండర్డ్ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లదే), ఇంటర్నేషనల్ మినరల్స్ అనే అమెరికన్ సంస్థలు ఈఐడీ ప్యారీతో కలిసి అక్కడే కోరమాండల్ ఫెర్టిలైజర్స్ పెట్టాయి. ఆ కంపెనీని ప్రభుత్వం తీసుకోలేదు, ఇప్పుడది మురుగప్ప గ్రూపు చేతిలో ఉంది. షెవ్రాన్ పేరు వినని రైతుకు కూడా గ్రోమోర్ బస్తా తెలుసు.