‘ఇప్పుడు’లో దాగిన పొద్దు



పెళ్ళికో, మీనాక్షి దర్శనానికో మదురై, కోయంబత్తూరు వైపు వెళ్ళినవారు అక్కడి తెలుగువారి మాట వినే ఉంటారు. విని, ‘ఇదేం అరవ తెలుగు’ అని నవ్వుకునేవారూ మన సరిహద్దు జిల్లాల్లో ఉన్నారు. ఆ నవ్వుకు ముందు ఒక చిన్న మాట చూద్దాం. అది ‘ఇప్పుడు’.

దీన్ని తమిళులు ‘ఇప్పొళుదు’ అంటారు, మలయాళీలు ‘ఇప్పోళ్’ అంటారు. మనం వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నామా? లేదు. ‘ఈ’కి ‘పొళుదు’ చేరితే ఇప్పొళుదు. పొళుదు అంటే సూర్యుడు, వేళ. అదే మన ప్రొద్దు, కన్నడిగుల హొత్తు. తమిళులు తమ భాష పేరు చివర నాలుక మడిచి పలికే ధ్వని ఒకటుంది కదా, అది ఒకప్పుడు మనకూ ఉండేది. 6వ శతాబ్దపు రేనాటి చోళుల శాసనాల్లో దానికి వేరే అక్షరమే ఉంది. తరువాత అది డకారమైంది. వాళ్ళ కోళి మన కోడి, వాళ్ళ ఏళు మన ఏడు. ‘ఇప్పుడు’లోని డు అలా వచ్చిందే. ‘ప్రొద్దు’లో మాత్రం అది రేఫగా మారి పకారం పక్కకు జరిగింది.

ఇంగ్లీషువారి ‘నౌ’ సంగతి వేరు. దాని చుట్టాలు లాటిను ‘నుంక్’, వేదంలోని ‘ను’. అంటే ‘నౌ’ సంస్కృతానికి దగ్గర, ‘ఇప్పుడు’ తమిళ కన్నడాలకు దగ్గర. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమనీ 1816లోనే మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర నిరూపించాడు. తిరునెల్వేలి సీమలో మతబోధకుడిగా ఉన్న కాల్డ్వెల్ 1856లో ఆ కుటుంబానికంతటికీ వ్యాకరణం రాశాడు.

విజయనగర సేనల వెంట, ఆపైన 1529 నాటి నుంచి మదురై నాయకుల ఏలుబడిలో, తెలుగు కుటుంబాలు దక్షిణాదికి చేరాయి. అందరూ పాలెగాళ్ళు కారు. నల్లరేగడి దున్నినవారు, మగ్గం నేసినవారు, తోలుపని చేసినవారూ ఉన్నారు. తమిళులు వారిని వడుగర్, అంటే ఉత్తరాదివారు, అన్నారు. 1736లో నాయకుల రాజ్యం పోయింది. చాలా ఇళ్ళలో తెలుగు రాత కూడా పోయింది. మాట మిగిలింది. అందులో తమిళం నుంచి తెచ్చుకున్న మాటలు లేవని కాదు. అయితే తమిళంలా వినిపించినదల్లా అరువు కాదు.

ఈసారి అక్కడి పెద్దమ్మ ఎవరైనా ‘ఎప్పుడు వస్తిరి?’ అని పలకరిస్తే, ఆ ‘ఎప్పుడు’లోనూ ఉన్నది ఈ పొద్దే.